ఈవెనింగ్ ప్రైమ్‌రోజ్, అవిసె, నువ్వులు, ఆముదం: ఏ ఇబ్బందికి ఏది, ఏది అక్కర్లేదు

నెల్లూరు పొగతోటలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఇంతకుముందు ఆడవాళ్ళు డాక్టరు చీటీ పట్టుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు చాలామంది ఫోన్‌లో ఒక నూనె గుళికల సీసా ఫొటో చూపిస్తున్నారు. "ఇది ఉండాదా మేడమ్? హార్మోన్లు సరిచేస్తాదంట" అంటారు. ఉందో లేదో చెప్పేముందు నేను అడిగేది ఒక్కటే: "మీ ఇబ్బంది ఏంటమ్మా?"

అలా అడగడానికి కారణం ఉంది. హార్మోన్ల తేడా అనేది ఒక జబ్బు పేరు కాదు. ఒకామెకి నెలసరి రెండు మూడు నెలలకొకసారి వస్తుంది. ఇంకొకామెకి నెలసరికి ముందు రొమ్ములు గట్టిపడి సలుపు పెడతాయి. నలభై ఆరేళ్ళ పెద్దమ్మకి అర్ధరాత్రి ఒళ్ళంతా సెగలొచ్చి నైటీ తడిసిపోతుంది. కాలేజీ పిల్లకి మొదటిరోజు కడుపునొప్పితో క్లాసులో కూర్చోవడం కుదరదు. వీళ్ళ నలుగురికీ ఒకే నూనె గుళిక పనిచేస్తుందని చెప్పేవాళ్ళకి ఆ నలుగురిలో ఎవరి సంగతీ తెలియదని నా నమ్మకం.

ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్లు తయారయ్యేది అండాశయాల్లో. ఎప్పుడు ఎంత తయారుచెయ్యాలో మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి చెబుతుంది. థైరాయిడ్, ఇన్సులిన్, ప్రొలాక్టిన్ కూడా ఇందులో వేలు పెడతాయి. గింజల్లోంచి తీసిన నూనెలు ఈ గొలుసులో దేన్నీ నేరుగా సరిచెయ్యవు. కొన్ని ఇబ్బందులకి మాత్రం, కొంతమందికి, కొంత ఉపశమనం ఇస్తాయి. ఆ కొంత ఎక్కడ ఉందో తెలుసుకుని కొనుక్కుంటే డబ్బు వృథా కాదు, అసలు జబ్బూ ముదరదు.

తాగే నూనె, వాసన నూనె

ఎంచుకునేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. అవిసె, ఈవెనింగ్ ప్రైమ్‌రోజ్, నువ్వులు, నల్ల జీలకర్ర వంటివి గింజలు పిండి తీసిన నూనెలు. లావెండర్, క్లారీ సేజ్, నీలగిరి వంటివి ఎసెన్షియల్ ఆయిల్స్, అంటే మొక్క వాసనంతా చుక్కల్లోకి దింపిన ఘాటైన ద్రవాలు. నెలసరి నొప్పికి క్లారీ సేజ్ చుక్కలు నీళ్ళలో కలిపి తాగమని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. దయచేసి తాగకండి. అవి నోటి ద్వారా వెళ్తే కడుపు మండడం దగ్గర్నుంచి ఫిట్స్ దాకా రావచ్చు, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ ప్రమాదం. వాడాలనిపిస్తే రెండు చుక్కలు నువ్వుల నూనెలో కలిపి పొత్తికడుపు మీద మర్దన చేసుకోండి. అంతవరకే.

ఈవెనింగ్ ప్రైమ్‌రోజ్

అందరూ అడిగేది, అన్నిటికన్నా ఖరీదైనది ఇదే. ఉత్తర అమెరికాలో పుట్టిన పసుపు పూల మొక్క ఇది. పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, అందుకే ఆ పేరు. దీని గింజల నూనెలో గామా లినోలెనిక్ యాసిడ్ నూటికి 8 నుంచి 10 పాళ్ళు ఉంటుంది. దీన్నే జీఎల్‌ఏ అంటారు. శరీరం దీన్ని వాపు తగ్గించే ఒక పదార్థంగా మార్చుకుంటుంది. నెలసరి ముందు వచ్చే రొమ్ము సలుపుకి ఇది పనికొస్తుందన్న ఆలోచన అక్కడ మొదలైంది. ఆలోచన బాగానే ఉంది గానీ పరీక్షల్లో అంతగా నిలబడలేదు. ఈ నూనెతో చేసిన మందుకి బ్రిటన్‌లో రొమ్ము నొప్పికి లైసెన్సు ఉండేది. పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2002లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఆ లైసెన్సు వెనక్కి తీసుకుంది. ముట్లుడిగే వయసులో వచ్చే సెగల మీద 1994లో బ్రిటన్‌లోనే అచ్చయిన ఒక పరీక్షలో, మందు లేని ఉత్త గుళికలు వేసుకున్నవాళ్ళకంటే దీన్ని వేసుకున్నవాళ్ళకి మేలేమీ కనిపించలేదు. ఆ తర్వాత వచ్చిన ఒకటి రెండు చిన్న పరీక్షల్లో సెగల తీవ్రత కాస్త తగ్గిందన్నారు.

మరి డాక్టర్లు ఇప్పటికీ ఎందుకు రాస్తున్నారని అడగొచ్చు. రొమ్ము సలుపుకి వాడే బలమైన హార్మోన్ మందులకి దుష్ప్రభావాలు ఎక్కువ. దీనికి కడుపులో వికారం, తలనొప్పి లాంటి చిన్నవే. పైగా నెలసరితో పాటు వచ్చిపోయే రొమ్ము నొప్పి చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. నా మాట ఇది: నొప్పి నెలసరితో ముడిపడి ఉండి, గడ్డ ఏమీ లేదని డాక్టరు చేత్తో చూసి చెప్పాక, దీన్ని మూడు నెలలు వాడి చూడటంలో తప్పులేదు. అన్నం తిన్నాక వేసుకోండి. మూడు నెలలకీ తేడా లేకపోతే నాలుగో సీసా కొనకండి. అంతకన్నా ముందు చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది. సరైన కొలత బ్రా వేసుకోవడం. ఒళ్ళు పెరిగినా పెళ్ళినాటి సైజే వాడుతున్న ఆడవాళ్ళు మన దగ్గర ఎంతమందో! బ్రా మార్చాక సలుపు సగం తగ్గిందని చెప్పినవాళ్ళున్నారు. డైక్లోఫినాక్ జెల్ పైపూతగా రాసుకున్నా ఈ నొప్పికి పనిచేస్తుంది, గుళికల సీసా ధరతో పోలిస్తే చాలా చవక.

దీనికి చెల్లెలు లాంటిది బోరేజ్ నూనె, స్టార్‌ఫ్లవర్ అని కూడా అమ్ముతారు. ఇందులో జీఎల్‌ఏ రెట్టింపు, నూటికి 20 పైనే. అయితే బోరేజ్ మొక్కలో కాలేయాన్ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లు ఉంటాయి. వాటిని పూర్తిగా తొలగించామని లేబుల్ మీద రాసి లేకపోతే ముట్టుకోవద్దు. నేనైతే ఎవరికీ దీన్ని సూచించను.

అవిసె: నూనె కొనాలా, గింజలు కొనాలా

నా దృష్టిలో అసలు పోలిక ఇక్కడే ఉంది. అవిసెని హార్మోన్లతో ముడిపెట్టడానికి కారణం అందులోని లిగ్నాన్లు. పేగుల్లోని బాక్టీరియా వాటిని ఈస్ట్రోజన్‌ని కొద్దిగా పోలిన పదార్థాలుగా మారుస్తుంది. ఈ లిగ్నాన్లు ఉండేది గింజ పొట్టులో, పిప్పిలో. నూనె పిండేటప్పుడు అవి దాదాపుగా ఆ పిప్పిలోనే ఉండిపోతాయి. కాబట్టి హార్మోన్ల కోసం అవిసె నూనె గుళికలు కొనేవాళ్ళు, తమకి కావాల్సినదాన్ని గానుగ దగ్గరే వదిలేసి వస్తున్నట్టు. గింజలు కిరాణా కొట్లో ఎక్కడైనా దొరుకుతాయి, ధర కూడా తక్కువే.

అయితే గింజలతోనూ అద్భుతాలు జరగవు. వేడి సెగల కోసం అవిసె గింజల బార్లు ఇచ్చి అమెరికాలో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2012లో అచ్చయింది. అవిసె తిన్నవాళ్ళకీ తిననివాళ్ళకీ సెగలు దాదాపు ఒకేలా తగ్గాయి. అవిసె వల్ల నిజంగా వచ్చే మేలు వేరే చోట ఉంది. మలబద్ధకం తగ్గుతుంది, కొలెస్ట్రాల్ కొద్దిగా దిగుతుంది, పీచు వల్ల షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటి బుడగల్లాంటివి కనబడుతూ నెలసరి తప్పే ఇబ్బంది ఉన్న అమ్మాయికి ఈ మూడూ పనికొచ్చేవే.

గింజల్ని అలాగే మింగితే అలాగే బయటికి పోతాయి. దోరగా వేయించి మిక్సీలో పొడి కొట్టి, రోజుకి ఒకటి రెండు చెంచాలు మజ్జిగలోనో, పప్పులోనో, కారప్పొడిలోనో కలుపుకోవాలి. నీళ్ళు బాగా తాగాలి. వారానికి సరిపడా మాత్రమే పొడి చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు పొద్దున్నే పరగడుపున మాత్ర మింగి, అవిసె పొడిని మధ్యాహ్నానికి వాయిదా వెయ్యండి. పీచు మాత్రని ఒంటికి పట్టనివ్వదు.

నూనే కావాలనుకుంటే, అది మన ఎండలకి తట్టుకోదని గుర్తుపెట్టుకోండి. రోహిణి కార్తెలో కొరియర్ వ్యానులో రెండు రోజులు ఉడికిన సీసా మీ ఇంటికొచ్చేసరికే పాడైపోయి ఉండొచ్చు. ఒక గుళికని గుండుసూదితో గుచ్చి అరచేతిలో పిండి వాసన చూడండి. మంచి నూనెకి పచ్చిగింజ వాసన, కాస్త వగరు ఉంటుంది. పెయింటు వాసన, లేదా పాత అప్పడాలు వేయించిన మూకుడు వాసన వస్తే పారెయ్యండి. పెయింటు మాట ఊరికే అనలేదు. గాలి తగిలితే గట్టిపడే గుణం ఈ నూనెది, అందుకే వడ్రంగులు చెక్కకి లిన్సీడ్ ఆయిల్ పూస్తారు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆ డబ్బాలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. పేరు ఒకటే కదా, చవగ్గా ఉంది కదా అని దాన్ని తాగేరు, ప్రమాదం. తినే అవిసె నూనెని కూడా పొయ్యి మీద కాచకూడదు, తాలింపుకి పనికిరాదు.

శాకాహారులు ఒమేగా-3 కోసం అవిసె నూనె తీసుకుంటారు, అది సబబే. కానీ అందులో ఉండే ఏఎల్‌ఏ అనే రకం ఒమేగా-3 మన ఒంట్లో చేప నూనెలో ఉండే ఈపీఏ అనే రకంగా మారేది నూటికి పది పాళ్ళ లోపే. చేపలు తినే నెల్లూరు ఇళ్ళలో గుళికల అవసరం నాకు కనిపించదు. కవళ్ళు, కానాగంతలు వారానికి రెండుసార్లు వండుకుంటే చాలు. ఖరీదైన వంజరమే కావాలని లేదు, ఈ చిన్న చేపల్లో ఒమేగా-3 బాగా ఉంటుంది. నెలసరి నొప్పి మీద చేప నూనెకి కొద్దిపాటి ఆధారం ఉంది కూడా.

మన వంటింటి నువ్వులు, పెరటి ఆముదం

పెద్దమనిషైన పిల్లకి చిమ్మిలి పెట్టడం మన ఇళ్ళలో ఉన్నదే. నువ్వులు, బెల్లం దంచిన ఆ ముద్దలో కాల్షియం, కొంత ఇనుము, మంచి కొవ్వు ఉంటాయి. నువ్వుల్లోనూ లిగ్నాన్లున్నాయి. నెలసరి తప్పిన పిల్లకి నువ్వులు పెడితే వెంటనే వచ్చేస్తుందని పెద్దవాళ్ళు నమ్ముతారు. అంత శక్తి నువ్వులకి ఉందని నేను చెప్పలేను. కానీ 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. అలాంటి చోట పొట్టు తియ్యని నువ్వులు, బెల్లం, మునగాకు తినే అలవాటు పిల్లలకి చెయ్యడం గుళికల సీసా కన్నా మేలు. హిమోగ్లోబిన్ మరీ తక్కువైతే మాత్రం చిమ్మిలి చాలదు, ఐరన్ మాత్రలు వెయ్యాల్సిందే.

ఆముదం పొట్టమీద వేసే ప్యాక్ ఇప్పుడు ఫ్యాషనైంది. గుడ్డ ముక్క ఆముదంలో ముంచి పొత్తికడుపు మీద పరిచి, పైన వేడినీళ్ళ బ్యాగు పెడతారు. నొప్పి తగ్గుతుంది, నిజమే. తగ్గించేది ఎక్కువగా ఆ వేడి. నెలసరి నొప్పికి వేడి కాపడం బాగా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. ఆముదం అండాశయాల్లో నీటి బుడగల్ని కరిగిస్తుందన్నది మాత్రం ఎక్కడా రుజువు కాలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు ఆముదం తాగకూడదు, గర్భసంచి కుంచించుకుని నొప్పులు రావచ్చు. నువ్వుల నూనెతో ఒంటికి మర్దన, శుక్రవారం తలంటు మంచి నిద్రనిస్తాయి, టెన్షన్ తగ్గిస్తాయి. అది చాలు, హార్మోన్ల మాట దానికి తగిలించక్కర్లేదు.

నల్ల జీలకర్ర నూనె, అదే కలోంజీ, షుగర్‌నీ బీపీనీ కొద్దిగా తగ్గించగలదు. మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్, బీపీ మాత్రలు వాడేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా తాగితే ఒక్కోసారి మరీ దిగిపోతాయి.

నెలసరి రాని అమ్మాయికి ఏ నూనె?

ఏ నూనే కాదు. "డేట్ మూడు నెల్ల నుంచి రాలేదు మేడమ్, ఈ ఆయిల్ తాగతా ఉండా" అని ఒంగోలు నుంచి అక్క ఇంటికొచ్చిన ఒక అమ్మాయి చెప్పినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. మెడ వెనక చర్మం నల్లగా మందంగా ఉంది, గడ్డం కింద వెంట్రుకలు పెరిగాయి. ఆ గుర్తులు చూడగానే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యడం లేదేమో, పీసీఓడీ ఏమో అన్న అనుమానం రావాలి. కడుపు వచ్చే అవకాశమున్న ఎవరికైనా ముందు ఆ టెస్ట్ చేసుకోవాలి. తర్వాత థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, అవసరమైతే స్కానింగ్. ఇవన్నీ మామూలు ల్యాబుల్లో జరిగేవే. నెలకి ఒక సీసా చొప్పున నూనెల మీద పెట్టే డబ్బు ఈ పరీక్షలకి పెడితే ఏం జరుగుతుందో తెలుస్తుంది.

పీసీఓడీ వల్ల మూడు నెలలకి పైగా నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందంగా పేరుకోవచ్చు. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే కొందరిలో అది క్యాన్సర్ దాకా పోవచ్చు. ఒళ్ళు ఎక్కువున్న అమ్మాయి బరువులో నూటికి ఐదు నుంచి పది పాళ్ళు తగ్గించుకుంటే చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. డెబ్భై ఐదు కిలోల అమ్మాయి నాలుగు కిలోలు తగ్గినా తేడా కనబడొచ్చు. రాత్రిపూట అన్నం తగ్గించి, పప్పు, కూర, గుడ్డు పెంచి, రోజూ ముప్పావు గంట నడవడం ఏ నూనె గుళికకీ సాధ్యం కాని పని చేస్తుంది.

సీసా తిప్పి చదవండి

ముందువైపు పెద్దక్షరాల్లో వెయ్యి మిల్లీగ్రాములు అని ఉంటుంది. అది నూనె మొత్తం బరువు. వెనకవైపు చిన్న అక్షరాల్లో జీఎల్‌ఏ ఎంతో చూడాలి. వెయ్యి మిల్లీగ్రాముల ఈవెనింగ్ ప్రైమ్‌రోజ్ గుళికలో 80 నుంచి 100 మిల్లీగ్రాముల జీఎల్‌ఏ ఉండాలి. ఆ అంకె అసలే లేకపోతే రెండు సీసాలు పక్కపక్కన పెట్టి ధర పోల్చడం అర్థంలేని పని. 500 మిల్లీగ్రాముల గుళికలు చవగ్గా కనబడతాయి, లెక్క వేస్తే ఒక్కోసారి అవే ఎక్కువ పడతాయి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉందా, ఎక్స్‌పైరీ దగ్గరపడిందా చూడండి. గుళిక పైతొడుగు చాలావరకు జంతువుల జెలటిన్‌తో చేస్తారు, శాకాహారులు ఆకుపచ్చ గుర్తు వెతుక్కోవాలి.

ఇలాంటి సప్లిమెంట్ల మీద ఇది ఔషధంగా వాడేందుకు కాదని రాయాలన్నది నిబంధన. నెలసరి లోపాల్ని సరిచేస్తుందని మందుకి ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం నిషేధించింది. కాబట్టి ఇరవై ఒక్క రోజుల్లో పీరియడ్స్ రెగ్యులర్ అని ధైర్యంగా చెప్పే ప్రకటన కనబడితే, ఆ కంపెనీ చట్టాన్నే లెక్కచెయ్యడం లేదని అర్థం. నాణ్యత విషయంలో మాత్రం లెక్కగా ఉంటుందని ఎలా నమ్ముతాం?

ఎవరు దూరంగా ఉండాలి

రక్తం పలచబడే మందులు, అంటే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్ళు ఈవెనింగ్ ప్రైమ్‌రోజ్ గానీ, ఎక్కువ మోతాదు చేప నూనె గానీ సొంతంగా మొదలుపెట్టకూడదు. ఫిట్స్ ఉన్నవాళ్ళు, మానసిక జబ్బులకి కొన్ని రకాల మందులు వాడేవాళ్ళు ప్రైమ్‌రోజ్ విషయంలో డాక్టరుని అడగాలి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపెయ్యండి, మత్తు డాక్టరుకి చెప్పండి. రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటున్నవాళ్ళు అవిసె పొడి కూడా అడిగే తినాలి. తొమ్మిదో నెలలో కాన్పు సులువవుతుందని ప్రైమ్‌రోజ్ గుళికలు వేసుకునే అలవాటు ఒకటి మొదలైంది. కాన్పు సులువవుతుందనడానికి గట్టి ఆధారం లేదు, డాక్టరు చెప్పకుండా వద్దు.

సెగలకి, ఎక్కువ బ్లీడింగ్‌కి

వేడి సెగలతో నిద్రపోలేని ఆడవాళ్ళకి నూనెలు నిరాశే మిగులుస్తాయి. అన్నిటికన్నా బాగా పనిచేసేది డాక్టరు పర్యవేక్షణలో తీసుకునే హార్మోన్ చికిత్స. అది కుదరనివాళ్ళకి హార్మోన్ కాని మాత్రలూ ఉన్నాయి. ఈ వయసులో ఇది మామూలే, ఓర్చుకోవాలమ్మా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఓర్చుకోవాల్సిన అవసరం లేదు.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, నెలసరిలో గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, రొమ్ములో గడ్డ తగిలినా నూనెల గురించి ఆలోచించే సమయం కాదది. అదే వారంలో గైనకాలజిస్టుని కలవాలి, ప్యాడ్లు అలా తడిసిపోతుంటే అదే రోజు. డబ్బు ఇబ్బందైతే నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఓపీకి పొద్దున్నే వెళ్ళండి.

ఇక్కడ నన్ను బాధపెట్టే విషయం ఇంకోటుంది. ఏడాది రెండేళ్ళు నూనెలు, పొడులు తాగి, విసిగిపోయి, "ఆ గర్భసంచి తీయించేసుకుంటే పీడా పోద్ది" అనుకునే ఆడవాళ్ళు మన దగ్గర చాలామంది. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ మనమే. ముప్పై ఐదేళ్ళకే ఆపరేషన్ అయి, దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముట్లుడిగే వయసు కష్టాలన్నీ పదేళ్ళ ముందే వచ్చి పడతాయి. ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్ చెయ్యాలని ఒక డాక్టరు చెబితే రెండో డాక్టరుకి చూపించండి. ఈ ప్రశ్నలు అడగండి: బ్లీడింగ్‌కి కారణం గడ్డా, పొర మందమా, థైరాయిడా? ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలతో ఆగుతుందా? గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ వేస్తే సరిపోతుందా? తీసెయ్యక తప్పకపోతే అండాశయాలు ఉంచుతారా?